చిలక పిల్లను కాస్త కుదురుకోనివ్వండి

సంపాదకుడికి నమస్కారం,

పెంపుడు జంతువుల మీద ఏం రాసినా కుక్కలు, పిల్లుల దగ్గరే ఆగిపోతున్నారు, అందుకే చిలకల గురించి ఈ ఉత్తరం. పిల్లను ఇంటికి తెచ్చిన రోజే అందరూ పంజరం చుట్టూ మూగి, ఫోటోలు దిగి, మాట్లాడమని వెంటపడతారు. మనకది సరదా, దానికి మాత్రం టెన్షన్. కొన్నాళ్లు పక్కన కూర్చుని మెల్లగా కబుర్లు చెప్పండి చాలు, చేతిలోంచి తిండి అందుకునే ధైర్యం దానికే వస్తుంది. పంజరం ఒకవైపు గోడకు ఆని ఉండాలి. రాత్రి 10-12 గంటల నిద్ర కావాలి కాబట్టి టీవీ పక్కన వద్దు.

ఇంకా సొంతంగా తినడం రాని పిల్లను, మీరే తినిపిస్తే బాగా మచ్చికవుతుందని చెప్పి అమ్మేవాళ్లున్నారు. ఇది నాకు అస్సలు నచ్చదు. అలవాటు లేని చేతుల్లో ఆ తిండి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, వేడి ఎక్కువైతే గొంతు కింది సంచి కాలిపోతుంది. తినడం నేర్చిన పిల్ల కూడా మచ్చికవుతుంది, కాకపోతే ఓపిక ఉండాలి.

వంటింట్లో అసలు పెట్టొద్దు. నాన్‌స్టిక్ పెనం మరీ వేడెక్కితే వచ్చే ఆవిరి పక్షి ప్రాణం తీస్తుంది. అవకాడో, చాక్లెట్ కూడా విషమే. మరో సంగతి, చిలకలు జబ్బును దాచుకుంటాయి. రోజూ ఉదయం గ్రాముల త్రాసు మీద తూచండి, బరువు తగ్గుతుంటే పక్షుల డాక్టరు దగ్గరికి ఆ రోజే వెళ్లండి.

- ఒక పాఠకురాలు