గ్రామసభలో సంతకం గురించి

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఎర్రవరం, పెదకోట పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టుల గురించి చాలామంది అడుగుతున్నారు. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పై రిజర్వాయర్‌కి తోడి, డిమాండ్ ఉన్నప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. తీసే కరెంటుకన్నా తోడటానికే ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. ఇది కరెంటును దాచుకునే ఏర్పాటు, దానికి మన కొండా, గెడ్డా కావాలంటున్నారు.

మనది ఐదో షెడ్యూల్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం. ఇక్కడ ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భూమి తీసుకునే ముందు మనల్ని సంప్రదించాలని 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) చెబుతోంది.

అసలు జాగ్రత్త సంతకం దగ్గర కావాలి. అడవి భూమి ఇవ్వడానికి మన అంగీకారం కోసం అటవీ హక్కుల చట్టం కింద పెట్టే గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లుండాలి. తీర్మానం గట్టిగా చదివించండి, ఫోటో తీసుకోండి. హాజరు కోసమని ఖాళీ కాగితం మీద సంతకం, వేలిముద్ర ఎవరూ వేయొద్దు. పెద్దవాళ్లకు ఇది ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి, దయచేసి.

కరెంటు టవర్ లైన్ల సంగతి వేరు. 2013 ఫిబ్రవరిలో కేంద్రం అలాంటి లైన్లకు గ్రామసభ అంగీకారం అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. ఇది చాలా అన్యాయం. కానీ ఆదిమ తెగల హక్కులు దెబ్బతినే చోట ఆ మినహాయింపు లేదు. అందుకే గదబ, పోర్జ లాంటి ఆదిమ తెగల కుటుంబాలున్న ఊళ్ల పేర్లు ఈ రాత్రికే గ్రూపులో పెట్టండి.