ఆ ఎర్ర అంకె గురించి

గుంటూరు, బ్రాడీపేట.

చి.ల.సౌ. శ్రావణికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. అమ్మా నేనూ క్షేమం. నా రిపోర్టులో క్రోమోగ్రానిన్-ఏ పక్కన ఎర్రగా అచ్చయిన అంకె చూసి నీవు రాత్రంతా నిద్రపోలేదని అల్లుడుగారు చెప్పారు. ఫోనులో సగం సగం చెప్పడం కంటె కుదురుగా వ్రాయడమే మేలనిపించింది.

ఆ ప్రోటీన్, హార్మోన్లను స్రవించే న్యూరోఎండోక్రైన్ కణాలలో హార్మోన్లతో పాటే నిలవ ఉండి, వాటితో పాటే రక్తంలోకి వస్తుంది. పేగులోనో క్లోమంలోనో అడ్రినల్ గ్రంథిలోనో అటువంటి కణాలకు కణితి పుడితే దాని మోతాదు పెరుగుతుంది. నీవు చదివింది అంతవరకు నిజమే. అయితే మన ఇంటి కారానికి తోడుగా నేను ఏళ్ల తరబడి పరగడుపున వేసుకుంటున్న పాంటోప్రజోల్ సంగతి ఆ కాగితంలో లేదు. ఆ మాత్ర కడుపులో ఆమ్లాన్ని అణచివేయగా, లోటు తీర్చడానికి జీర్ణాశయం గ్యాస్ట్రిన్ అనే హార్మోనును ఎక్కువగా వదులుతుంది. దాని ప్రేరణతో జీర్ణాశయపు గోడలోని ఒక రకం కణాలు క్రోమోగ్రానిన్‌ను మరింతగా రక్తంలోకి పంపుతాయి. కణితి లేకుండానే అంకె కొన్ని రెట్లు పెరగవచ్చు. మూత్రపిండాలు మందగించినా పెరుగుతుంది. మూత్రపిండాల పనితీరు తెలిపే నా క్రియాటినిన్ అంకె మాత్రం సరిగానే ఉంది.

తప్పు నాదే. ఏ బాధా లేకుండా, డాక్టరు వ్రాయకుండా, తగ్గింపు ధరకు వస్తున్నదని ట్యూమర్ మార్కర్ల (కణితి ఉంటే రక్తంలో పెరిగే పదార్థాల) ప్యాకేజీ చేయించుకున్నాను. రక్తం తీసిన కుర్రవాడు మాత్రల గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు.

మీ పెద్దమేనత్త విషయం వేరు. కేన్సరు వల్ల ఆమె థైరాయిడ్ గ్రంథిని మొత్తం తీసివేసి, మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియో అయోడిన్ కూడా ఇచ్చారు కనుక, థైరాయిడ్ కణాలు మాత్రమే తయారుచేసే థైరోగ్లోబ్యులిన్ మళ్లీ పెరిగితే జబ్బు తిరగబెట్టిందని అనుమానించాలి. అదే ప్రోటీన్ ఆపరేషనుకు ముందు మామూలు గాయిటర్‌లో (థైరాయిడ్ వాపులో) కూడా పెరుగుతుంది గనుక అప్పుడు దానితో కేన్సరును తేల్చలేరు. పైగా ఆమెకు ప్రతిసారీ, ఆ ప్రోటీన్‌కు ఎదురుగా ఒంట్లో పుట్టే యాంటీబాడీల పరీక్ష కూడా జతచేస్తారు, అవి ఉంటే అంకె ఉన్నదానికంటె తక్కువగా కనబడి మోసం చేస్తుంది.

హార్మోన్ల డాక్టరు (ఎండోక్రినాలజిస్టు) నా పాంటోప్రజోల్‌ను 2 వారాలు ఆపించి మళ్లీ రక్తం ఇమ్మన్నారు. గడువు వచ్చే సోమవారంతో ముగుస్తుంది. అంతవరకు అమ్మ ఆవకాయ జాడీని అటక ఎక్కించింది.

నీవు జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు కూడా కొన్ని యంత్రాలలో టి.ఎస్.హెచ్. (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) లెక్కను తారుమారు చేస్తాయట. ఈసారి థైరాయిడ్ పరీక్షకు వెళ్లే ముందు ఆ సంగతి మీ డాక్టరుకు చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న