బ్యారన్ మంట దగ్గర విన్న పాట

మూలపేట,
నెల్లూరు.

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పెద్దమ్మ మోకాలి నొప్పి తగ్గి, మళ్లీ రామాలయం దాకా నడిచి వెళ్తున్నదని చదివి మనసు కుదుటపడింది. మిగిలిన కబుర్లన్నిటికీ మరో ఉత్తరంలో జవాబు రాస్తాను. ఈ ఉత్తరం మాత్రం నీవు చివర అడిగిన ఒక్క ప్రశ్న కోసమే. గిటారు పట్టుకొని ఒక మనిషి గొణుక్కున్నట్టు పాడే పాటలు వినడానికి దేశం ఆ చివరి దాకా పోయి, వానలో, బురదలో నాలుగు రోజులు నిలబడి రావలసినంత ఏముందని అడిగావు. రాత్రంతా ఆ ప్రశ్నే తిరిగింది. దానికి జవాబు మీ పొలంలోనే దొరికిందని నాకు తెల్లవారుజామున తట్టింది.

మనకు పదేళ్ల వయసప్పుడు, సంక్రాంతి సెలవులకు నేను పొదిలి వచ్చినప్పుడల్లా పచ్చి ఆకును మంట వేడితో ఆరబెట్టే మీ పొగాకు బ్యారన్ దగ్గరే పడుకునేవాళ్లం, జ్ఞాపకముందా? ఆకు పండి ఆరే ఆ అయిదారు రోజులూ వేడి పడిపోకూడదు, ఒక్కసారిగా హెచ్చకూడదు కనుక, రాత్రంతా ఒక మనిషి పొయ్యి దగ్గర మెలకువగా ఉండి కట్టెలు ఎగదోస్తూ ఉండాలి. ఆ పని చేసిన తాత, మనం గోనెసంచుల మీద నిద్రపోయామనుకున్న తరువాత, గోడకు తగిలించిన తంబూర తీసి బ్రహ్మంగారి తత్వాలు పాడుకునేవాడు. మనం కళ్లు మూసుకొని వింటూ ఉండేవాళ్లం. మనలో ఎవరైనా కదిలితే ఆయన గొంతు మారిపోయేది. మనకు వినిపించాలని పాడే గొంతు వేరు, మంటను చూస్తూ తనలో తాను పాడుకునే గొంతు వేరు. అందుకే ఊపిరి కూడా మెల్లగా పీల్చేవాళ్లం.

నేను వెంటబడి వినే ఇండీ ఫోక్ అంతా ఆ రెండో గొంతు. పెద్ద కంపెనీల పెట్టుబడీ, వారి ఆజ్ఞలూ లేకుండా సొంతంగా రికార్డు చేసుకునేవారి సంగీతానికి ఇండీ అని పేరు. అందులో జానపదపు పోకడలతో, గిటారునో బాంజోనో ఆధారంగా చేసుకొని సాగేది ఇండీ ఫోక్. ఇందులో నేను ఎక్కువగా అభిమానించేది బాన్ ఇవేర్ అనే పేరుతో పాడే జస్టిన్ వెర్నన్‌ను. 2006లో అతని బృందం విడిపోయింది, ప్రేమించిన అమ్మాయి దూరమయింది, జబ్బు చేసి ఒళ్లు గుల్లయింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, అడవిలో, తన తండ్రి వేటకు వెళ్లినప్పుడు ఉండే చిన్న ఇంట్లో చలికాలమంతా సుమారు మూడు నెలలు గడిపాడు. ఎవరికో వినిపించాలన్న తొందర లేకుండా, తన సన్నని గొంతునే మళ్లీ మళ్లీ రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పాటలు కట్టాడు. 2007లో ఆ ఆల్బమ్‌ను తానే కొద్ది ప్రతులు వేసి పంచిపెడితే, మరుసటి ఏడాది ఒక చిన్న సంస్థ దాన్ని లోకానికి అందించింది. మొదటిసారి విన్నప్పుడు నాకు అందులో సగం మాటలు అర్థం కాలేదు. అయినా పొగాకు వాసన ముక్కుకు తగిలినట్టయింది. చలి రాత్రి, కట్టెల మంట, తన కోసం తాను పాడుకునే మనిషి, నీకూ నాకూ తెలిసినవే కదా ఇవన్నీ!

మన నెల్లూరు వాళ్లకు అలవాటైన సంగీతం ఎక్కువగా మరొక రకం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. హరికథకుడు జనం కళ్లలోకి చూస్తూ, చిరుతల లయ మీద నవ్విస్తూ, ఏడిపిస్తూ, కునుకు పట్టబోయిన వాడిని పిట్టకథతో లేపుతూ రాత్రంతా వారిని తన వెంట నడిపిస్తాడు. ఆ కళ అంటే నాకు చెప్పలేనంత గౌరవం. అయితే తత్వం పాడేవాడు జనం కోసం ఎదురు చూడడు. మనం దారిన పోతూ ఆగి వినవలసిందే.

ఇక నీ అసలు సందేహం ఇక్కడే మొదలవుతుందని నాకు తెలుసు: తనలో తాను పాడుకునే పాటకు వేలమంది చేరే ఉత్సవం ఎందుకు? నేను కూడా అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో జరిగే సంగీతోత్సవానికి వెళ్లేదాకా అలాగే అనుకున్నాను. అరుణాచల్‌కు చెందిన బాబీ హానో, ఢిల్లీలో ఒక రాక్ బృందంలో గిటారు వాయించే అనూప్ కుట్టి కలిసి 2012లో ఈ ఉత్సవాన్ని ప్రారంభించారు. చెన్నై నుంచి విమానంలో గువాహటి, అక్కడి నుంచి రాత్రి రైలులో నాహర్లగున్, ఆపైన సుమోలో కొండదారి. దిగేసరికి ఒళ్లు హూనమయింది. కళ్లెదుట మాత్రం సముద్రమట్టానికి 1500 మీటర్లకు పైన, పైన్ చెట్ల కొండల నడుమ, పండుతున్న వరి మళ్లు. ఆ లోయలో ఉండే అపతానీ తెగవాళ్లు ఎద్దులూ ట్రాక్టర్లూ లేకుండా చేతులతోనే సేద్యం చేసి, ఆ వరి మళ్ల నీటిలోనే చేపలు కూడా పెంచుతారు. మొలగొలుకుల వడ్లు పండిన ఊరివాడిని, చేపల చెరువుల మధ్య పెరిగినవాడిని, అయినా ఒకే మడిలో రెండూ చూసి గట్టు మీద అరగంట అలాగే కూర్చుండిపోయాను.

వేదికలను వెదురుతో కట్టారు. పగటి వేదికకు అపతానీ భాషలో సూర్యుడి పేరు, రాత్రి వేదికకు చంద్రుడి పేరు. రెండవ రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి ఒంటరిగా గిటారుతో వచ్చింది. సన్నగా వాన పడుతున్నది. పాట సగంలో ఉండగా, ఆ తేమకు కాబోలు, ఒక తీగ శ్రుతి జారింది. ఆమె ఆగి, గిటారు మీదికి తల వంచి, నెమ్మదిగా తీగను బిగించుకోసాగింది. మన ఊళ్లలో అయితే ఈలలు మొదలయ్యేవి. అక్కడ అంతమందిలో ఒక్కరూ మాట్లాడలేదు. వెదురు మీద వాన పడుతున్న చప్పుడు, ఆ వెనుక తీగ మెల్లగా శ్రుతిలోకి చేరుతున్న నాదం, అంతే. ఆమె మళ్లీ అందుకున్నప్పుడు బొటనవేలు లావు తీగల మీద ఒకే నాదాన్ని పట్టి ఉంచితే, మిగిలిన వేళ్లు సన్న తీగల మీద పాటను నడిపించాయి. తాత తంబూర చేసిన పనే ఆ బొటనవేలు చేసింది. మిత్రమా, నాకు ఆ భాష ఒక్క ముక్క తెలియదు. కళ్లు తుడుచుకొని పక్కకు చూస్తే, పక్కవాడూ కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆమె తన కోసమే పాడుకుంటున్నది. మేమందరం గోనెసంచుల మీద పడుకున్న పిల్లల్లా, ఆమె గొంతు మారిపోతుందేమోనని కదలకుండా విన్నాము. ఇంటి దగ్గర ఒంటరిగా ఇయర్‌ఫోన్లలో విన్నప్పుడు ఈ భయం, ఈ జాగ్రత్త నాకు ఎప్పుడూ కలగలేదు. వెర్నన్ కూడా తరువాత, 2015లో, తాను పుట్టి పెరిగిన ఓక్లేర్ అనే ఊరికి జనాన్ని పిలిచి సంగీతోత్సవం మొదలుపెట్టాడు. ఒంటరిగా కట్టిన పాటను వేలమంది మధ్యకు ఎందుకు తెచ్చాడో నాకు జీరోలో అర్థమయింది.

ఈ ఉత్సవాల చరిత్రలో తగవులూ ఉన్నాయి. అమెరికాలో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవం 1959 నుంచి ఉన్నది. 1965లో అక్కడ బాబ్ డిలన్ అనే జానపద గాయకుడు విద్యుత్ గిటారుతో వేదిక ఎక్కితే జానపదం చెడిపోయిందని కొందరు గోల చేశారు. నాకు ఆ అభ్యంతరం సరైనదిగా తోచదు. గిటారు ఏదైనా, పాడేవాడు తన మాట తాను పాడుకుంటున్నాడా లేదా అన్నదే నేను చూస్తాను. కన్నడంలో రఘు దీక్షిత్ శిశునాళ షరీఫు అనే సాధుకవి తత్వపదాలను గిటార్లతో, డ్రమ్ములతో పాడితే, వాటి పేరైనా వినని కుర్రవాళ్లు ఎగిరి గంతులు వేస్తూ వింటున్నారు. మన తత్వాలకు అలాంటి గొంతు ఇంకా రావలసి ఉన్నదన్న వెలితి నన్ను చాలాకాలంగా బాధిస్తున్నది. మీ జిల్లా సామాన్యమైనదా? త్యాగరాజ స్వామి పూర్వికులది కాకర్ల అనీ, శ్యామశాస్త్రి పూర్వికులు కంభం నుంచి వలసపోయారనీ చెబుతారు. తిరువైయారులో ఏటేటా వందలమంది ఒక్కచోట కూర్చొని పంచరత్న కీర్తనలు పాడుతుంటే, మీ నేల వాళ్ల పాట ఎంత దూరం నడిచి వెళ్లిందో అనిపిస్తుంది.

కనుక నాకు నీ నుంచి రెండు సహాయాలు కావాలి. తాత కొడుకు ఇప్పటికీ భజన మందిరంలో పాడుతున్నాడని నీవే ఒకసారి రాశావు. ఈసారి బ్యారన్ ముట్టించే నాటికి నేను రికార్డరు తీసుకొని వస్తాను. ఆయనను ముందుగా అడిగి ఒప్పించు, కానీ మందిరంలో వద్దు, మైకు వద్దు, బ్యారన్ దగ్గరే పొయ్యి ముందు కూర్చొని పాడమని చెప్పు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో ఆయన ఇష్టం. రెండవది, వచ్చే సెప్టెంబరులో నీవు నాతో జీరోకు రావాలి. అరుణాచల్‌లో అడుగుపెట్టడానికి మనలాంటి బయటివాళ్లకు ఇన్నర్ లైన్ పర్మిట్ అనే అనుమతి పత్రం కావాలి కనుక నీ ఫోటో, గుర్తింపు కార్డు నకలు ఈ నెలలోనే పంపు. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు మాత్రం నీ కొలతకు ఒంగోలులోనే కొనుక్కో, నావి నీకు పట్టవు.

పెద్దమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
నీ మిత్రుడు