జెరూసలేం నుంచి బాపుకు

బాపూ,

నీకూ అమ్మకూ నమస్కారాలు. మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. పెద్దాయనకు మందులు ఇచ్చే వేళ అయింది. "అక్కడ గుడి లేదు, గోపురం లేదు. దేవుణ్ణి మరిచిపోయావా, లేక వాళ్ల మతంలో కలిసిపోతావా?" అన్నావు. రెండూ జరగలేదు బాపూ. నిజం చెప్పాలంటే ఈ ఇంటికి వచ్చాకే దేవుడు నాకు దగ్గరయ్యాడు. అది ఫోనులో రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు కనుక రాస్తున్నాను.

మతం గురించి నీ భయం ముందు తీరుస్తాను. యూదులు ఎవరినీ తమలోకి రమ్మనరు. తనంతట తాను వచ్చి అడిగినవాణ్ణి కూడా మొదట వెనక్కి పంపడం వాళ్ల ఆచారం. నీతిగా బతికినవాడికి పరలోకంలో చోటుంటుందని, అందుకు యూదుడే కానక్కరలేదని వాళ్ల విశ్వాసం. మన గుంటూరు వైపు, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదుల ఆచారాలు పాటించే కుటుంబాలున్నాయని, వాళ్లకొక ప్రార్థనా మందిరం కూడా ఉందని చెబితే ఈ ఇంటి పెద్దాయన ఆశ్చర్యపోయి, వాళ్ల పాటలు ఎలా ఉంటాయని అడిగారు. నన్ను మాత్రం ఏనాడూ ఏమీ మారమనలేదు.

ఆయనను నేను సబా అనే పిలుస్తాను. ఇక్కడ తాతను అలాగే పిలుస్తారు. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక ఆయన స్నేహితుడు, ఆయనా ముసలివాడే, చేతికర్ర తాటించుకుంటూ వస్తాడు. బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని తాల్ముద్ తెరుస్తారు. వాళ్ల పూర్వగురువుల ధర్మచర్చలన్నీ ఉన్న గ్రంథం అది. రోజుకు ఒక పుట. మేయిర్ షపీరో అనే పోలండు రబ్బీ, అంటే యూదుల మతగురువు, 1923లో ఈ పద్ధతి ప్రతిపాదించాడు. లోకంలో ఎక్కడి యూదుడైనా ఆ రోజు అదే పుట చదవాలన్నది ఆయన కోరిక. మొత్తం 2,711 పుటలు, దాదాపు ఏడున్నర ఏళ్లు. ఇప్పటి ఆవృత్తి 2020 జనవరి 5న మొదలైంది, 2027 జూన్‌లో ముగుస్తుంది. అప్పటిదాకా నన్ను ఉంచు తండ్రీ అని సబా రోజూ అడుగుతారు. ఆయన దేవుణ్ణి తన కోసం అడిగేది అదొక్కటే.

ఆ పుట నువ్వు చూడాలి. నడుమ మూలం, ఒకవైపు తొమ్మిది వందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో బతికిన రాషి వ్యాఖ్య, మరోవైపు ఆయన తర్వాతివాళ్లు ఆయనతో విభేదిస్తూ రాసినవి. భాష అరమాయిక్, హీబ్రూకు దగ్గరి పాత భాష. అచ్చుల గుర్తులు ఉండవు, ప్రశ్నార్థకాలు ఉండవు. ఏది ప్రశ్నో ఏది జవాబో గొంతులోని రాగాన్ని బట్టి తెలియాలి. అసలు ఆ మహా గ్రంథం మొదలయ్యేదే ప్రశ్నతో: సాయంత్రం షెమా అనే శాస్త్రవాక్యాలను ఏ వేళ నుంచి పఠించవచ్చు? ఇద్దరూ రాగం తీస్తూ చదువుతారు, ఆగుతారు, బల్ల చరుస్తారు, ఒకరి మాట ఒకరు కొట్టేస్తారు. నాకు అర్థం కానిది సబా మామూలు హీబ్రూలో మళ్లీ చెబుతారు.

నేను యూదుణ్ణి కాను కదా, ఇక్కడ కూర్చుని వినవచ్చా అని ఒకసారి అడిగాను. సబా ఔననలేదు, కాదనలేదు. పుస్తకం తెప్పించి ఒక పుట చూపించారు. పరజాతివాడు ఈ శాస్త్రం చదివితే మరణానికి తగినవాడని అందులో ఒక గురువు అంటాడు. అదే పుటలో ఇంకో గురువు, మేయిర్ (ఇందాకటి షపీరో కాదు, పూర్వకాలపువాడు), అలా చదివినవాడు ప్రధాన యాజకుడితో సమానమంటాడు. ఆ ఇద్దరినీ ఎలా సమన్వయం చేశారో గంటసేపు చెప్పి, "ఇక కూర్చో" అన్నారు. ఒకరి మాటను చెరిపేయకుండా ఇద్దరినీ పక్కపక్కన దాచుకున్న ఆ పుట మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

రబ్బీ యోహనాన్ కథ చెప్పినప్పుడు మాత్రం సబా గొంతు వణుకుతుంది. ఆయనకు రేష్ లకీష్ అని చదువుల తోడు ఉండేవాడు. అతను చనిపోతే, దుఃఖం మరిపించడానికి ఇంకో పండితుణ్ణి పంపారు. ఆ పండితుడు ప్రతి మాటకూ "మీరన్నది నిజమే, దీనికి ఆధారం కూడా ఉంది" అంటాడు. యోహనాన్ ఏడ్చాడట. "నేను ఒక మాట అంటే రేష్ లకీష్ 24 అభ్యంతరాలు తెచ్చేవాడు, నేను 24 జవాబులు వెతికేవాణ్ణి, విషయం విప్పారేది. నేను చెప్పింది సరైనదేనని నాకు తెలియదా?" ఇద్దరు కూర్చుని ధర్మం మాట్లాడుకుంటే వాళ్ల మధ్య దేవుని సన్నిధి ఉంటుందని వాళ్ల పెద్దల మాట. ఆ బల్ల దగ్గర ఆ సన్నిధిని నేను ఎరుగుదును బాపూ. మందుల డబ్బా చేత్తో పట్టుకుని నిలబడిన నాకూ అది తగిలింది.

ఇప్పుడు నీతో ఎన్నడూ మాట్లాడనిది ఒకటి రాస్తాను. ఊళ్లో ఎవరైనా అడిగితే కొడుకు ఆసుపత్రిలో పనిచేస్తున్నాడని చెబుతున్నావని అక్క అంది. ముసలివాళ్ల మలమూత్రాలు ఎత్తే పని అని నలుగురూ అనుకుంటారని నీ బాధ. ఔను, ఆ పనే చేస్తున్నాను. మరుగుదొడ్డికి తీసుకెళ్లి, కూర్చోబెట్టి, శుభ్రం చేసి, బయటికి తెచ్చి చేతులు కడిగిస్తాను. ఆ తర్వాత ఆయన గోడ పట్టుకుని నిలబడి, ప్రతిసారీ, ఒక చిన్న ప్రార్థన చేస్తారు. సుమారు 1,700 ఏళ్ల కిందటి అబాయే అనే గురువు పేరు మీద తాల్ముద్‌లో ఉన్న ప్రార్థన అది. మనిషిని జ్ఞానంతో మలిచి, ఒంట్లో రంధ్రాలు, నాళాలు పెట్టావు, వాటిలో మూసి ఉండవలసినది ఒక్కటి తెరుచుకున్నా, తెరిచి ఉండవలసినది ఒక్కటి మూసుకుపోయినా నీ ముందు నిలబడలేమని నీకు తెలుసు, సమస్త శరీరాలనూ బాగుచేసేవాడా, నీకు స్తోత్రం అని.

పోయిన చలికాలం ఆయనకు మూత్రం బంధించింది. గొట్టం వేసి ఉంచారు. దాన్ని తీసేసిన రోజు, తనంతట తాను పోసుకున్నాక, చేతులు కడుక్కుని ఆ ప్రార్థన మొదలుపెట్టారు. "మూసుకుపోయినా" అన్నచోట మాట రాలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పారు. నేను ఆయన మోచేయి పట్టుకుని ఉన్నాను. చివర ఆమెన్ అన్నాను. నా పని దేవుడి ముందు మనిషిని నిలబెట్టే పని అని నాకు ఆ పూట తెలిసింది. ఇక మీదట ఊళ్లో అడిగినవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పు బాపూ. నాకు చిన్నతనం లేదు.

రోజుకు నూరు స్తోత్రాలు చెప్పాలని వాళ్ల నియమం. రొట్టెకు ఒకటి, పండుకు ఒకటి, ఉరుముకు ఒకటి. నేనూ నా భాషలో చెప్పుకోవడం మొదలుపెట్టాను. నూరు దాకా రాను గానీ మంచినీళ్లు తాగేముందు ఒక క్షణం ఆగుతాను. శుక్రవారం సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందు ఊరంతా వినిపించేలా సైరన్ మోగుతుంది, దీపాలు వెలిగిస్తారు, ఇక మర్నాడు చీకటిపడి నక్షత్రాలు మూడు కనిపించేదాకా వాళ్లు పని ముట్టరు. నాకు ఆ కట్టుబాటు లేదు, రోగికి చేసే సేవకు అడ్డూ లేదు. అయినా ఫోను కట్టేసి పెట్టెలో పెడతాను. ఆ ఒక్కరోజు డబ్బు లెక్క, అప్పు లెక్క ఏవీ నా తలలో తిరగవు. శనివారం నేను ఫోను ఎత్తకపోతే అమ్మను కంగారుపడవద్దని చెప్పు. మోకాళ్ల నూనె ఆపకుండా రాయమను.

మన ధర్మపురి శేషప్ప కవి గురించి కూడా సబాకు చెప్పాను. నువ్వు స్నానం చేసి అరుగు మీద కూర్చుని నరసింహ శతకంలో పద్యం చదువుకుంటావని, వింటూ పెరిగానని చెప్పాను. ఏదీ ఒకటి చెప్పు అన్నారు. బతికినన్నాళ్లూ నీ భజన తప్పను గానీ, చచ్చేవేళ కఫమూ వాతమూ కమ్మి నిన్ను మరిచిపోతానేమో, అందుకే ఇప్పుడే చేసేస్తున్నానని కవి స్వామితో అనే పద్యం నాకు వచ్చిన హీబ్రూలో చెప్పాను. సబా కళ్లు మూసుకుని విన్నారు. స్నేహితుడి వైపు తిరిగి ఒక ప్రశ్న వేశారు. "మన యూదుల ధర్మంలో పొరపాటున ఒక పూట ప్రార్థన తప్పితే మరుసటి పూట రెండుసార్లు చేసి పూడ్చుకోవచ్చు. వేళ రాకముందే చేసింది మాత్రం చెల్లదు. మరి ఈ కవి చావు వేళకు చేయవలసింది ముందే చేస్తానంటున్నాడే, అది ఏ న్యాయం ప్రకారం చెల్లుతుంది?"

ఇద్దరూ ఆ పొద్దంతా శేషప్ప కవి మీదే వాదించుకున్నారు. చెల్లదని స్నేహితుడు, చెల్లి తీరాలని సబా. చివరికి, చిన్ననాటి నుంచి ఆ పద్యం చదువుతున్నవాణ్ణి అడుగుదామని తేల్చారు. ఆదివారం పొద్దున ఫోను చేస్తాను, ఇద్దరూ పక్కనే ఉంటారు. అప్పటికి నువ్వు ఆలోచించి పెట్టు. ఊరికే ఔనని ఒప్పుకోకు, వాళ్లకు అది నచ్చదు.

నీ కొడుకు