కోడ్ మారితే వీసాకి మళ్లీ అప్లై చేయాలి

అందరికీ నమస్కారం. యూకే స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లకు ఒక మాట. అదే కంపెనీ కదా, టెస్టింగ్ నుంచి డెవలప్‌మెంట్‌కి మారితే ఏమవుతుందిలే అనుకోకండి. ఆక్యుపేషన్ కోడ్ (ఉద్యోగ రకాన్ని బట్టి ఉండే నంబర్) 2136 నుంచి 2134 అవుతుంది. కొత్త సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌తో (వీసా కోసం కంపెనీ ఇచ్చే ఉద్యోగ వివరాల రికార్డు) అప్లై చేసి, అప్రూవల్ వచ్చాకే కొత్త పనిలో చేరాలి. హెచ్‌ఆర్ వాళ్లు చిన్న మార్పే అంటారు, కోడ్ ఏదో మెయిల్‌లో రాయించుకోండి. జీతం కొత్త కోడ్ రేటుకి, అంటే ఆ కోడ్‌కి పెట్టిన కనీస జీతానికి, సరిపోవాలి.

పాత వీసా గడువులోపు అప్లై చేస్తే నిర్ణయం వచ్చేదాకా పాత పని చేసుకోవచ్చు. ఈలోగా తమ్ముడి పెళ్లి ఉందని ఇండియా టికెట్లు బుక్ చేయకండి, వెళ్తే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. భార్యాపిల్లల వీసాలు వాటంతటవే పెరగవు, విడిగా అప్లై చేయాలి.