ఏ నొప్పి ఓర్చుకోవాలో చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసి బతికేదాన్ని. నర్ది చెక్కను ఆకురాయితో రుద్ది నునుపు తేల్చే పనంతా కుడి భుజం మీదే. వానకు పాచిపట్టిన మెట్ల మీద జారి ఆ భుజం మీదే పడ్డాను. ఎముక విరగలేదు, కండరం కొంత చిరిగిందన్నారు. కొన్నాళ్ళు చెయ్యి మెడకు కట్టుకొని, తర్వాత ఫిజియో చేయించుకోమన్నారు. చీటీ మీద రాసింది ఆ ఒక్క మాటే.

కట్టు విప్పాక చెయ్యి ఎత్తబోతే ప్రాణం పోయినంత పనైంది. "నొప్పి లేస్తే ఆపెయ్యమ్మా" అని ఒకరు, "పళ్ళు బిగబట్టి చెయ్యి, అదే సర్దుకుంటది" అని ఇంకొకరు. పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమన్నవాళ్ళూ ఉన్నారు. నొప్పిలో రకాలున్నాయని నెల్లూరు పోయాకే తెలిసింది.

అక్కడి ఫిజియో అమ్మాయి "నొప్పికి 10కి ఎన్ని మార్కులేస్తావక్కా?" అని అడిగేది. 3, 4 అంటే కానిమ్మనేది. 5 దాటితే చెయ్యి దించమనేది. బిగిసిన చోట లాగినట్టుండి, చేశాక కాసేపటికి సర్దుకునే నొప్పికి భయపడొద్దంది. కత్తితో పొడిచినట్టు కలుక్కుమన్నా, వేళ్ళు తిమ్మిరెక్కినా ఆపి చెప్పమంది. రాత్రంతా నిద్ర పట్టనీక తెల్లారినా సలుపుతుంటే, ఆ రోజు తగ్గించి చెయ్యాలే గానీ మానకూడదట.

ఆ అమ్మాయి నేర్పిన కసరత్తులన్నిట్లోకీ కష్టం గోడ మీద వేళ్ళు బల్లిలా పైకి పాకించడం. మొహం ఎత్తుకు వచ్చేసరికి ఊపిరి బిగుస్తుంది, భుజం దానంతటదే చెవి దాకా లేస్తుంది. చెయ్యి పైకి పోయినట్టే కనబడుతుంది గానీ అదంతా దొంగలెక్క. ఊపిరి వదులుతూ, భుజం కిందికి జారవిడిచి పాకిస్తే వేళ్ళు కాస్త తక్కువే పోతాయి, నొప్పి మాత్రం ఓర్చుకునేంతలో ఉంటుంది. చెక్క మీద గుర్తులు పెట్టే పెన్సిలుతోనే గోడ మీద గీత గీసుకుంటున్నాను. సున్నం పాడైందని మా ఆయన సణుగుడు సరే సరి.

ఈ నాలుగు మాటల కోసం నెల్లూరికి ఇంచుమించు 100 కిలోమీటర్లు బస్సులో పోవాలి. సీటు దొరక్కపోతే ఎడమచేత్తో కడ్డీ పట్టుకొని, ఎవరి మోచెయ్యి తగుల్తుందోనని కుడిచెయ్యి కాచుకుంటూ నిలబడాలి. దిగేసరికి భుజం మళ్ళీ మొదటికే వస్తుంది. ఆ రోజు కూలీ పోయినట్టే.

ఏటా సెప్టెంబరు 8న ఫిజియోథెరపీ దినమని పేపర్లో ఫొటోలు చూస్తుంటాం. మంచిదే. మా మెట్ట ప్రాంతపు ఆసుపత్రులకు వారానికొక రోజైనా ఫిజియో వచ్చేట్టు అధికారులు చూడాలి. అది కుదిరేలోపు ఎముకల డాక్టర్లు చీటీతో పాటు బొమ్మలున్న తెలుగు కాగితం ఒకటి చేతిలో పెట్టాలి. ఏ నొప్పికి ఆగాలో, ఏ నొప్పికి ఆగక్కర్లేదో అందులో ఉంటే చాలు. మీ ఆరోగ్యం పేజీలో ఫిజియోల చేత ఇదే రాయించినా కత్తిరించి దాచుకునేవాళ్ళం చాలామందిమి ఉన్నాం.

ఇట్లు,
ఒక చెక్కపని మనిషి,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా