పెట్రోల్ తాగి పడుకున్న మాజ్డా ఆర్ఎక్స్-8 కారు గురించి

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే అప్పలనాయుడూ,

ఎలగున్నావురా? ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మగారు మొన్న శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసి, "మావాడు ఆక్లండ్‌లో ఏదో కారు కొన్నాడట, అది కదలడం లేదట, నువ్వే చెప్పాలి నాయినా" అన్నారు. నీ కబురు చదివాక సంగతి అర్థమైంది. గేటు బయటి నుంచి షెడ్డులోకి పెట్టడానికి స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు కాకుండానే ఆపేశానని రాశావు చూడు, ఆ ఒక్క ముక్కతో రోగం తెలిసిపోయింది. ఇంజిన్ ఫ్లడ్ అయింది, అంటే లోపల పెట్రోల్ ఎక్కువై మునిగింది. పాడవలేదు, కంగారుపడకు. కానీ ఈ ఉత్తరం మొత్తం చదివేదాకా మళ్లీ తాళం తిప్పకు.

చేతక్ స్కూటర్ గుర్తుందా? పెట్రోల్ ఓవర్ అయితే ఏం చేసేవారు? పెట్రోల్ కాక్ కట్టేసి, బండి పక్కకి వాల్చి, రేస్ పూర్తిగా తిప్పిపెట్టి కిక్ మీద కిక్ కొట్టేవారు. పెట్రోల్ ఆపాలి, గాలి నింపాలి. నీ మాజ్డాకీ సగం వైద్యం అదే. మిగతా సగం స్కూటర్‌కి అక్కర్లేదు, నీ బండిలోని రోటరీ ఇంజిన్‌కి తప్పదు. అందరూ తప్పేది కూడా అక్కడే.

ఎందుకో చెప్తాను. నీ బండిలో పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. ఒక్కోటి 654 సీసీ చొప్పున రెండు గదులు, వాటిలో గానుగ రోకలిలా ఓరగా తిరిగే మూడు మూలల రోటర్లు రెండు. ప్రతి మూలకీ ఒక అపెక్స్ సీల్. పిస్టన్‌కి రింగులు ఎలాగో దీనికి ఇవి అలాగ. ఆ సీల్‌కీ గోడకీ మధ్య పల్చటి ఆయిల్ పొర ఉంటేనే గాలి లీకవకుండా నొక్కుకుంటుంది. చల్లటి ఇంజిన్‌కి కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోయిస్తుంది. వేడెక్కకముందే ఆపేస్తే ఆ పెట్రోల్ కాలకుండా లోపలే ఉండిపోయి ఆయిల్ పొరని కడిగేస్తుంది. పొర పోతే కంప్రెషన్, అంటే గాలిని నొక్కే బలం, పోతుంది, ప్లగ్గులు తడుస్తాయి. నువ్వు తాళం తిప్పిన ప్రతిసారీ ఇంకొంచెం పెట్రోల్ పడి ఉన్న కాస్త ఆయిల్‌నీ కడుగుతుంది. అందుకే "ఇంకొక్కసారి చూద్దాం" అనేది ఈ బండి దగ్గర పనికిరాదు.

ముందు చెవితో పరీక్ష చెయ్యి. బాగున్న రోటరీని క్రాంక్ చేస్తే, అంటే స్టార్టర్‌తో తిప్పితే, చుఫ్ చుఫ్ చుఫ్ అని సమంగా కొట్టుకుంటుంది. ఫ్లడ్ అయినది ఏ దెబ్బా లేకుండా, అడ్డేమీ లేనట్టు గిర్రున తిరుగుతుంది. సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన కూడా వస్తే ఇంక అనుమానం లేదు.

బ్యాటరీ సంగతి ముందే చూసుకో. నీరసం బ్యాటరీతో మొదలెడితే పనంతా వృథా. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే ఆయిల్ లేని సీళ్లు అసలు నొక్కుకోవు. ఫుల్ చార్జ్ చెయ్యి, లేదా ఇంకో కారు నుంచి కేబుళ్లు కట్టు. స్టార్టర్‌ని ఒక్కసారికి 10 సెకన్లకి మించి తిప్పకు, మధ్యలో నిమిషం విశ్రాంతి ఇవ్వు.

మొదటి ప్రయత్నం పానాలు అక్కర్లేనిది. క్లచ్ తొక్కి, యాక్సిలేటర్ నేలకి అంటేదాకా నొక్కి, అలాగే పట్టుకుని 10 సెకన్లు క్రాంక్ చెయ్యి. పెడల్ పూర్తిగా నొక్కి ఉంటే కంప్యూటర్ పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లని ఆపేస్తుంది, గాలి మాత్రమే వెళ్తుంది. చాలామంది సగం నొక్కుతారు, అది ఇంకా ముంచడమే. ఇలా మూడు నాలుగు సార్లు చేశాక ఎక్కడో ఒకటి రెండు పేలుళ్లు వినిపిస్తే పెడల్ నెమ్మదిగా వదులు, పట్టుకుంటుంది. నాలుగో సారికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఆపేసి పానా తియ్యి.

ప్లగ్గులు ఎడమవైపు ఉంటాయి, అంటే మీ దగ్గర డ్రైవర్ పక్క సీటు వైపు. ముందు ఎడమ చక్రం విప్పితే చెయ్యి బాగా దూరుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకు, కింద స్టాండ్ పెట్టు. రోటర్‌కి రెండేసి చొప్పున నాలుగు ప్లగ్గులు. కిందివి లీడింగ్, పైవి ట్రైలింగ్. తడిసేది ఎక్కువగా కిందివే, వాటిని తీస్తే సరిపోతుంది. 21 ఎంఎం ప్లగ్ పానా కావాలి. వైర్లు పీకేముందు ఒక్కోదానికీ కాగితం ప్లాస్టర్ అంటించి గుర్తు రాసుకో. అన్నీ బాగుచేసి ఆఖర్న వైర్లు తారుమారు పెట్టేసి "ఇంకా పోయింది రా" అని ఏడ్చేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు పెట్రోల్ పంపు ఫ్యూజ్ తీసెయ్యి, ఫ్యూజు పెట్టె మూత మీద బొమ్మ ఉంటుంది. ప్లగ్గులకి నిప్పురవ్వ పుట్టించే కాయిళ్ల కనెక్టర్లు నాలుగూ ఊడదీయి. ఇది మర్చిపోకు. ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోల్ తుంపర బయటికి చిమ్ముతుంది, పక్కనే నిప్పురవ్వ ఎగిరితే షెడ్డు సహా పోతుంది. రంధ్రాలకి ఎదురుగా మొహం పెట్టకు, గుడ్డ అడ్డం పెట్టు. తలుపులు తెరిచి ఉంచు, చుట్టుపక్కల బీడీ, సిగరెట్ ఉండకూడదు. పంపు ఆపినా పైపులో మిగిలిన ప్రెషర్‌తో కాస్త పడుతుంది, కాబట్టి ఇప్పుడు కూడా పెడల్ పూర్తిగా నొక్కే 5 నుంచి 10 సెకన్లు తిప్పు. తుంపర ఆగి వట్టి గాలి వచ్చేదాకా చెయ్యి.

ఇక అసలు మందు, ఆయిల్. మామూలు ఇంజిన్ ఆయిలే చాలు. సిరంజికి సన్నటి గొట్టం తగిలించి ఒక్కో లీడింగ్ రంధ్రంలో 5 మిల్లీలీటర్లు, అంటే ఒక చెంచాడు పొయ్యి. రోటర్‌కి మూడు ముఖాలు, ఒక్కసారి పోస్తే ఒక్కదానికే అందుతుంది. కాబట్టి ఇంజిన్ ముందు వైపున్న పుల్లీ బోల్టు మీద పానా వేసి, ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు, ఒక పూర్తి చుట్టు తిప్పు. ఆ పుల్లీ ఉన్న షాఫ్ట్ మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక్క చుట్టే తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకి తర్వాతి ముఖం వస్తుంది. మళ్లీ పొయ్యి, మళ్లీ తిప్పు. మొత్తం రెండు రోటర్లకీ 30 మిల్లీలీటర్లు. పుణ్యానికి పోయి సీసాడు పొయ్యకు. ద్రవం నలగదు, గదిలో ఎక్కువుంటే ఇంజిన్ బిగుసుకుంటుంది. పోశాక ప్లగ్గులు లేకుండానే మళ్లీ నాలుగైదు సెకన్లు తిప్పితే ఎక్కువైనది బయటపడుతుంది. అప్పటికే ఆ చుఫ్ చుఫ్ తిరిగొచ్చిందో లేదో విను.

ప్లగ్గులు ఆరబెట్టి పెట్టొచ్చు కానీ కొత్తవి వేస్తే తలనొప్పి ఉండదు. లీడింగ్‌కి ఎన్‌జీకే ఆర్ఈ7సీ-ఎల్, ట్రైలింగ్‌కి ఆర్ఈ9బీ-టీ. పాతవే వాడితే వైరు బ్రష్‌తో గీకకు, ఇరిడియం కొస పోతుంది. గ్యాస్ పొయ్యి మంట మీద కాల్చకు, పింగాణీ పగులుతుంది. క్లీనర్ కొట్టి గాలితో ఊదితే చాలు. ముందు చేత్తోనే తిప్పి ఎక్కించి, తర్వాతే పానా వెయ్యి. హౌసింగ్ అల్యూమినియం, మర వంకరెక్కితే అది వేరే ఖర్చు.

కాయిళ్లు, ఫ్యూజు పెట్టేసి మామూలుగా, పెడల్ తొక్కకుండా స్టార్ట్ చెయ్యి. పట్టుకుని తడబడితే కొంచెం కొంచెం రేస్ ఇచ్చి నిలబెట్టు, ఆగనివ్వకు. తెల్లగా, నీలంగా పొగ విపరీతంగా వస్తుంది. పక్కింటివాళ్లకి ముందే చెప్పి ఉంచు, లేకపోతే ఫైరింజన్‌ని పిలుస్తారు. ఎండుగడ్డి మీద మాత్రం పెట్టకు, మిగిలిన పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లో, అంటే పొగని శుభ్రం చేసే డబ్బాలో, కాలి అది ఎర్రగా వేడెక్కుతుంది. తాడు కట్టి లాగించి స్టార్ట్ చెయ్యమని ఎవరైనా చెబితే వినకపోడానికీ అదే కారణం, పచ్చి పెట్రోల్ అంతా నేరుగా దాంట్లోకి పోతుంది.

టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా ఆపకు. ఆ తర్వాత ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ వాసన చూడు. పెట్రోల్ కంపు కొడితే ఆయిలూ ఫిల్టరూ మార్చెయ్యి. ఈ ఇంజిన్ ఆ ఆయిల్‌నే పంపుతో సీళ్ల మీదకి కొద్దికొద్దిగా పంపుకుంటుంది, పల్చబడినది పంపితే మళ్లీ మొదటికొస్తాం.

ఇకనుంచి రెండడుగులు జరపాలంటే స్టార్ట్ చెయ్యకు, నెట్టు. స్టార్ట్ చేశావా, పూర్తిగా వేడెక్కేదాకా తిప్పి రా. తప్పనిసరిగా ఆపాల్సొస్తే 3000 ఆర్‌పీఎం దగ్గర ఓ పది సెకన్లు పట్టుకుని అప్పుడు ఆపమంటారు. అది తోడుకి పనికొస్తుంది గానీ వేడెక్కించడానికి బదులు కాదు.

ఇంత చేసినా నెలకోసారి ఇలాగే అవుతుంటే తప్పు నీది కాదు. ముందు కాయిళ్లు చూడు, ఈ బండికి నీరసించేవి అవే. తర్వాత కంప్రెషన్. రోటరీ టెస్టర్ ఉన్న చోటికే వెళ్లు. పిస్టన్ గేజి మూడు ముఖాల్లో పెద్ద అంకె ఒక్కటే చూపిస్తుంది, విరిగిన సీల్ దాని వెనకాల దాక్కుంటుంది. 250 ఆర్‌పీఎం లెక్కకి 680 కిలోపాస్కల్స్ కన్నా తగ్గకూడదు, ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 150 దాటకూడదు, రెండు రోటర్ల మధ్య 100. బండి కొనేముందే ఇది అడిగి ఉంటే బాగుండేదిరా, సరే, అయిపోయింది.

ఆ పరీక్షలో రోటర్‌కి మూడేసి చొప్పున ఆరు అంకెలు వస్తాయి. వరసగా రాసి పంపు, ఏ రోటర్‌వో కూడా రాయి. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వస్తావుగా, మీ అమ్మగారికి వస్తాడనే చెప్పేశాను.

నీ
రామినాయుడు